టవర్ హ్యామ్లెట్స్‌లో పెద్దవాళ్లు తక్కువే, అవసరం తక్కువ కాదు

మీ ప్రాజెక్టులో "లండన్‌లోని టవర్ హ్యామ్లెట్స్ అనే ప్రాంతంలో 65 దాటినవాళ్లు 6 శాతం లోపే, కాబట్టి సోషల్ కేర్ (రోజువారీ పనుల్లో సాయం) అవసరం తక్కువ" అని రాస్తే గైడ్ కొట్టేశారన్నారు కదండీ, లెక్క కరెక్టే గానీ దాన్నుంచి తీసిన అర్థం తప్పు. 2021 సెన్సస్ ప్రకారం అక్కడ దాదాపు 3,10,000 మంది, ఉద్యోగాల కోసం వచ్చిన కుర్రకారు ఎక్కువ, అందుకే పెద్దవాళ్ల శాతం చిన్నదిగా కనిపిస్తుంది. ఆ ఉన్న కొద్దిమంది పరిస్థితి చూడండి. ఇంగ్లండ్ 2019 పేదరిక సూచీల్లో అక్కడి 60 దాటినవాళ్లలో సుమారు 44 శాతం తక్కువ ఆదాయంలో ఉన్నట్టు తేలింది, అప్పట్లో ఇంగ్లండ్ మొత్తంలో అదే అన్నిటికంటే ఎక్కువ.

అక్కడి మొత్తం జనాభాలో మూడో వంతుకు పైగా బంగ్లాదేశీ మూలాలవాళ్లు. దక్షిణాసియా వాళ్లకు షుగర్ త్వరగా వస్తుంది, కాబట్టి 65 దగ్గర గీత గీస్తే 50ల్లోనే సాయం కావాల్సినవాళ్లు మీ లెక్కలోకి రారు. ఇరుకు ఫ్లాట్‌లో అత్తగారికి స్నానం చేయించి, మందులిచ్చి, ఆస్పత్రిలో ఆవిడ చెప్పేది ఇంగ్లిష్‌లో చెప్పే కోడలు ఏ రికార్డులోనూ ఉండదు, ఆమె గురించి తప్పకుండా రాయండి. ఇంగ్లండ్ 2014 కేర్ చట్టం ప్రకారం అలా ఇంట్లోవాళ్లను చూసుకునేవాళ్లకు కూడా స్థానిక కౌన్సిల్ విడిగా అసెస్‌మెంట్ (ఏ సాయం కావాలో అంచనా) చేయాలి. ముందు శాతాలు పక్కనపెట్టి, వయసు, ఆదాయం, భాష కలిపి ఒక టేబుల్ వేయండి.