కన్సోల్ కొనాలా, కష్టమైన పుస్తకం చదవాలా? రెండూ చేసిన మనిషిగా నా సమాధానం

గేమింగ్ కన్సోల్ కొనడం దండగ ఖర్చా, ఆ సమయాన్ని కొరుకుడుపడని గొప్ప పుస్తకాలకు కేటాయించడం మేలా అని మీరు అడిగారు. ఈ రెండింటినీ ఏళ్ల తరబడి కొంటూ వస్తున్న వినియోగదారుడిగా నా అభిప్రాయం ఒక్కటే: వాటిని ఎదురెదురుగా నిలబెట్టడమే పొరపాటు. కష్టమైన పుస్తకాన్ని ఎలా చదవాలో నాకు నేర్పింది ఒక వీడియో గేమ్.

జేమ్స్ జాయిస్ రాసిన 'యులిసెస్' 1922లో వెలువడింది. డబ్లిన్ నగరంలో 1904 జూన్ 16న ఉదయం మొదలై ఆ అర్ధరాత్రి దాటాక ముగిసే కథను అందులో 18 అధ్యాయాల్లో చెప్పారు. నేను ఆ నవలను మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ మూడో అధ్యాయం దగ్గరే ఆపేశాను. ఆ అధ్యాయంలో స్టీఫెన్ అనే యువకుడు సముద్రతీరంలో నడుస్తూ ఆలోచిస్తూ ఉంటాడు. అతను కళ్లతో చూస్తున్నదేదో, గుర్తు చేసుకుంటున్నదేదో, ఊహించుకుంటున్నదేదో రచయిత విడదీసి చెప్పరు. ఒక వాక్యం పూర్తిగా అర్థమైతే తప్ప తర్వాతి వాక్యంలోకి వెళ్లకూడదని నేను నియమం పెట్టుకున్నందువల్ల, గంట కూర్చున్నా రెండు పేజీలు సాగేవి కావు.

అదే రోజుల్లో నేను 2011లో వచ్చిన 'డార్క్ సోల్స్' ఆడుతున్నాను. అందులో చనిపోతే చివరిగా ఆగిన చలిమంట దగ్గర మళ్లీ లేస్తాము. దారిలో మనం చంపిన మామూలు శత్రువులందరూ తిరిగి బతికి ఉంటారు. ఆట మధ్యలో ఆర్న్‌స్టైన్, స్మౌ అనే ఇద్దరు స్తంభాల మంటపంలో ఒకేసారి మీదికి వస్తారు. ఒకడు ఈటె పట్టుకుని రెప్పపాటులో దూసుకొస్తే, రెండోవాడు కొండంత శరీరంతో పెద్ద సుత్తి ఎత్తుకుని వస్తాడు. ఎంతో శ్రమపడి ఒకడిని పడగొడితే, మిగిలినవాడు చనిపోయినవాడి శక్తిని కూడా తీసుకుని నిండు ప్రాణంతో మళ్లీ నిలబడతాడు. మూడు సాయంత్రాలు వరుసగా ఓడిపోయాను. మూడో రోజు చివర్లో గెలవాలన్న ప్రయత్నాన్నే పక్కన పెట్టి, ఈసారి చావడానికే వెళ్తున్నానని నిశ్చయించుకుని, ఈటెవాడు దూకబోయే ముందు శరీరాన్ని ఎలా వంచుతాడో మాత్రమే చూస్తూ ఉండిపోయాను. ఆ తర్వాతి ప్రయత్నంలో సుత్తివాడికీ నాకూ మధ్య ఎప్పుడూ ఒక స్తంభం ఉండేలా తిరగడం ఒక్కటే సాధన చేశాను. నాలుగో సాయంత్రం గెలిచాను. కంట్రోలర్ కింద పెట్టాక కూడా చాలాసేపు నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

మరునాడు యులిసెస్ మూడో అధ్యాయాన్ని అదే పద్ధతిలో తెరిచాను. మొదటి విడతలో అర్థం కోసం ఆగకుండా, అతను చూస్తున్నదెక్కడ, జ్ఞాపకంలోకి జారుతున్నదెక్కడ అన్నది మాత్రమే గమనించాను. రెండో విడత బిగ్గరగా చదివాను. మూడో విడతలో, ఆ తీరంలో పరుగులు తీసే కుక్కా, దాన్ని చూసి స్టీఫెన్ బెదరడమూ, ఆ కుక్క ఇసుకలో పడి ఉన్న మరో కుక్క కళేబరాన్ని వాసన చూడడమూ నా కళ్ల ముందు స్పష్టంగా కదిలాయి. అంతకు ముందు మూడుసార్లూ అదే పేజీని దాటి కూడా నేను ఆ కుక్కను చూడలేదు.

అందువల్ల, ఆటలు ఏకాగ్రతను చంపేస్తాయన్న వాదనను నేను ఒప్పుకోను. ఓడిపోయినప్పుడు ఓడిపోయావని ఆట వెంటనే చెబుతుంది. పుస్తకం చెప్పదు, కళ్లు వాక్యాల మీద జారిపోతున్నా చదువుతున్నామనే భ్రమలో ఉంచుతుంది. ఆ తేడాను గుర్తుపట్టే అలవాటు నాకు ఆటల వల్లనే వచ్చింది.

అయితే కన్సోల్‌ను ఒక వస్తువుగా చూస్తే నాకు గట్టి ఫిర్యాదులున్నాయి. నా కంట్రోలర్లలో ఒకదాని పుల్ల (బొటనవేలితో తిప్పే స్టిక్), నేను ముట్టుకోకపోయినా, పాత్రను ఎడమవైపు నడిపించడం మొదలుపెట్టింది. లోపల ఒకదానికొకటి రాసుకునే భాగాలతో పుల్ల స్థానాన్ని కొలుస్తారు కాబట్టి, అవి కొన్నాళ్లకు అరిగి ఈ జబ్బు వస్తుంది. రాపిడి లేకుండా అయస్కాంతంతో కొలిచే హాల్ ఎఫెక్ట్ పద్ధతి ఉన్నా, కన్సోల్ కంపెనీలు అమ్మే ఖరీదైన కంట్రోలర్లలో కూడా చాలావాటిలో దాన్ని వాడకపోవడం కొనేవాళ్ల పట్ల అన్యాయమని నా నిశ్చితాభిప్రాయం. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5 విషయమే చూడండి: 825 జీబీ అని చెప్పిన నిల్వలో ఆటలకు మిగిలేది సుమారు 667 జీబీ, ఒక పెద్ద ఆటే అందులో వంద జీబీ తినేస్తుంది. డిస్కు అవసరం లేని కన్సోళ్లను సౌకర్యం అంటున్నారు గాని, 2023 మార్చిలో నింటెండో తన పాత కన్సోళ్లయిన 3డీఎస్, వీ యూల ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్మకాలు ఆపేసినప్పుడు, డిస్కుగానో కార్ట్రిడ్జ్‌గానో రాని ఆటలను కొత్తగా కొనే దారే మూసుకుపోయింది. వందేళ్ల కిందటి నవల నా బల్ల మీద ఏ సర్వర్ అనుమతీ అడగకుండా తెరుచుకుంటుంది. అలాగని పుస్తకాలు అమ్మేవాళ్లు కూడా నిర్దోషులు కారు; ఏడెనిమిది వందల పేజీల నవలకు వెన్ను విరిగిపోయే చవక బైండింగ్ వేయడం, వివరణలన్నీ చివర్లో చీమల్లాంటి అక్షరాల్లో కుక్కడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మీరు కొనదలిస్తే డిస్కు పెట్టుకునే కన్సోల్‌నే కొనండి, అదీ విడుదలైన వెంటనే కాకుండా రెండేళ్లు ఆగి కొనండి. దానితోపాటు మీరు ఒకసారి సగంలో వదిలేసిన పుస్తకాన్ని పక్కన పెట్టుకోండి. వివరణల సంపుటిని మాత్రం మొదటి విడత పూర్తయ్యేదాకా తెరవకండి. నేను ప్రస్తుతం యులిసెస్ పద్నాలుగో అధ్యాయంలో ఉన్నాను. ఆంగ్ల వచనం శతాబ్దాలుగా మారుతూ వచ్చిన శైలులన్నింటినీ వరుసగా అనుకరించే ఆ అధ్యాయాన్ని ఈ వారం రెండో విడత చదువుతున్నాను, ఇంకా సగం కూడా పట్టు చిక్కలేదు.