పలాసలో దిగని అన్నయ్య

సాఫ్ట్‌వేర్ రంగంలో మీకు ఏమీ ఆశించకుండా సాయపడిన సహోద్యోగి ఎవరైనా ఉన్నారా, ఆ సాయం ఎలాంటిదని అడిగారు. ఉన్నారు. ఆయన కాలం చేసి మూడేళ్లయింది. ఆయనది పర్లాకిమిడి, నాది బరంపురం. ఇద్దరమూ విశాఖపట్నంలో ఒకే సంస్థలో పనిచేసేవాళ్లం. వయసులో పన్నెండేళ్లు పెద్దవారు కావడంతో అన్నయ్య అనే పిలిచేవాణ్ణి.

నేను చేరిన మొదటి ఏడాది, లబ్ధిదారుల పేర్లను తెలుగులోనూ ఒడియాలోనూ నమోదు చేసే ప్రోగ్రామ్ ఒకటి నాకు అప్పగించారు. ఇంగ్లిషులో రాసిన పేర్లన్నీ సరిగానే ఉండగా, మన లిపుల్లోని పెద్ద పేర్లు మాత్రం చివర తెగిపోయేవి. 'శ్రీనివాసరావు' అని ఇస్తే 'శ్రీనివాసర' దగ్గర ఆగిపోయేది. తప్పు ఫాంట్‌దే అనుకుని వారం రోజులు వృథా చేశాను. బడిలో ఒడియా, ఇంట్లో అమ్మ దగ్గర తెలుగు నేర్చుకున్న మా బోటివాళ్లకు కాగితాల్లో పేరు చెడిపోవడం చిన్న విషయం కాదు. ఆ వారమంతా నాకు నిద్ర పట్టలేదు.

శుక్రవారం సాయంత్రం ఊరికి వెళ్లే రైల్లో ఆ సంగతి అన్నయ్యకు చెప్పాను. ఆయన నా నోటుపుస్తకం తీసుకుని 'శ్రీ' అని పెద్దగా రాసి, "ఇందులో ఎన్ని ఉన్నాయి తమ్ముడూ?" అని అడిగారు. ఒకటే అన్నాను. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని విడదీసి ఒకదాని కింద ఒకటి రాశారు. లిపుల్లోని గుర్తులకు సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో ఈ నాలుగింటికీ వేర్వేరు సంఖ్యలు ఉంటాయని, ఆ సంఖ్యలను కంప్యూటర్‌లో భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిషు అక్షరానికి ఒక్క బైటు చోటు చాలగా ఇవి ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటాయని, ఆ లెక్కన మన కంటికి ఒక్క అక్షరంగా కనిపించే 'శ్రీ'కి 12 బైట్లు కావాలని చెప్పి, మిగిలినది నన్నే లెక్కపెట్టమన్నారు. నేను 'శ్రీనివాసరావు'ను విడదీసి 13 గుర్తులు, 39 బైట్లు అని తేల్చేసరికి పలాస వచ్చింది. ఆయన దిగవలసిన స్టేషన్ అదే. దిగలేదు. "లెక్క సగంలో ఉంది కదా, కానీ" అన్నారు. సోంపేట దాటాక నాకు తట్టింది: డేటాబేస్‌లో పేరుకు కేటాయించిన చోటు 30 బైట్లు, అంటే మన లిపిలో 10 గుర్తులు, ఆ పదో గుర్తు సరిగ్గా 'ర'. ఆయన ముఖంలో సంతోషం చూశాక గానీ, జవాబు ఆయనకు ముందే తెలుసునని నాకు అర్థం కాలేదు. ఆ రాత్రి మా ఇంట్లో అమ్మ పెట్టిన అన్నం, దాల్మా తిని పడుకుని, తెల్లవారుజామున బస్సులో పర్లాకిమిడి వెళ్లారు.

సోమవారం నాడు పేరు నిడివిని బైట్లలో కాక గుర్తుల్లో కొలిచేలా మార్చి, చోటు కూడా పెంచాను. ప్రోగ్రామ్‌లో జరిగిన మార్పులను నమోదు చేసే గిట్‌లో మార్పు చేసినవారి పేరు చిరకాలం నిలిచి ఉంటుంది కనుక ఆయన పేరూ చేరుస్తానంటే, "లెక్కపెట్టింది నువ్వు" అని ఒప్పుకోలేదు.

అందువల్లనే ఆయన పేరున నమోదైన మార్పులు చాలా తక్కువ. ఆ సంఖ్యను చూసి ఆయన పనిని తక్కువ చేసినవారు ఉన్నారు. అది నాకు ఇప్పటికీ బాధే. సంతాప సభలో ఒక్కొక్కరూ లేచి, తమ పేరున ఉన్న ఏ మార్పు వెనుక ఆయన కూర్చున్నారో చెబుతూ పోయారు. రాయగడ అమ్మాయి ఒకరు, తన రైలు కదిలేవరకు ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి కిటికీలోంచి వివరిస్తూనే ఉన్నారని, ఆ రోజు ఆయన ఎక్కవలసిన బండి తప్పిపోయిందని తనకు చాలా కాలం తర్వాత తెలిసిందని చెప్పింది.