సలహా ఇచ్చేవారు వేరు, పేరు ఎత్తేవారు వేరు

ప్రశ్న: మందుల కంపెనీలో క్వాలిటీ అష్యూరెన్స్ డిప్యూటీ మేనేజర్‌ని, 12 ఏళ్ల అనుభవం ఉంది. ఫార్మా మహిళల వృత్తి సంఘంలో చేరి ఏడాదైంది. ప్రతి సమావేశానికీ వెళ్తున్నా ఉద్యోగంలో కదలిక లేదు. లోపం ఎక్కడ?

జవాబు: ఇలాంటి సంఘాలు కొత్తవేం కావు, అమెరికాలో హెల్త్‌కేర్ బిజినెస్‌విమెన్స్ అసోసియేషన్ 1977లోనే మొదలైంది. అయితే ప్రసంగాలు విని వచ్చేస్తే ఒరిగేది తక్కువ. ఏదో ఒక కమిటీలో పని నెత్తినేసుకోండి. వక్తలను పిలిచే బాధ్యత తీసుకుంటే పెద్ద హోదాలో ఉన్నవారికి ఫోన్ చేయడానికి కారణం దొరుకుతుంది, మీ పనితీరు వాళ్ల కంట పడుతుంది.

అసలు చిక్కు మరోచోట ఉందనిపిస్తోంది. క్వాలిటీ, రెగ్యులేటరీ (ప్రభుత్వ అనుమతుల పని), ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలపై నిఘా) విభాగాల్లో చాలామంది ఆడవాళ్లు చకచకా ఎదిగి ఒక మెట్టు దగ్గర ఆగిపోతారు. బ్యాచ్‌ను ఆపే అధికారం ఉంటుంది గానీ లాభనష్టాల లెక్క చేతిలో ఉండదు. పై కుర్చీకి మనిషిని వెతికేటప్పుడు ఆ లెక్క చూసినవారి వైపే మొగ్గుతారు. బెలెన్ గరీహో చదువుకు డాక్టరే. 2021లో జర్మనీ మెర్క్‌కు సీఈఓ కాకముందు ఆ కంపెనీ హెల్త్‌కేర్ వ్యాపారాన్ని నడిపారు. 2017లో బ్రిటన్ మందుల కంపెనీ జీఎస్‌కేకు సీఈఓ అయిన ఎమ్మా వామ్స్లీ అంతకుముందు అక్కడే కన్స్యూమర్ హెల్త్‌కేర్‌ను చూశారు. అందుకే సంఘంలో ప్లాంటు, సప్లై చెయిన్, వ్యాపార విభాగాలు నడిపేవారిని వెతకండి. టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ (మందు తయారీ పద్ధతిని ల్యాబ్ నుంచి ప్లాంటుకో, ఒక ప్లాంటు నుంచి మరోదానికో చేర్చడం), కాంట్రాక్ట్ తయారీదారుల (మీ కంపెనీ కోసం మందులు చేసిపెట్టే బయటి కంపెనీల) నిర్వహణ మీకు దగ్గరి దారులు: క్వాలిటీ అనుభవం పనికొస్తుంది, బడ్జెట్టూ చేతికొస్తుంది.

'నాకు మెంటర్‌గా ఉంటారా' అని అడిగితే ఎవరైనా తటపటాయిస్తారు. 20 నిమిషాలు అడగండి, ఒకే ప్రశ్న తీసుకెళ్లండి. వారు చెప్పినదాంట్లో ఏం చేశారో రెండు వారాల్లో రాయండి. రెండోసారి తలుపు తెరుచుకునేది ఆ ఉత్తరంతోనే.

ఇంకో మాట. మెంటర్ బయట దొరుకుతారు. పదోన్నతుల చర్చలో మీ పేరు ఎత్తే స్పాన్సర్ మాత్రం మీ కంపెనీలోనే, మీ బాస్ కన్నా పైన ఉండాలి. సంఘం ఆ పని చేసిపెట్టలేదు.

ప్రశ్న: ఎనిమిది మందిమి మెంటరింగ్ బృందం పెట్టాలనుకుంటున్నాం. అందరివీ పోటీ కంపెనీలే. ఇబ్బందా?

జవాబు: ఎనిమిది మించనివ్వకండి. నెలకోసారి, 90 నిమిషాలు. ఇద్దరికి చెరో అరగంట, మిగతా సమయం పోయినసారి ఇచ్చిన మాటల లెక్కకు. ఇన్‌స్పెక్షన్లు వచ్చిపడి తేదీలు జరిగాయంటే బృందం మూడో నెలకే చెదిరిపోతుంది. ఆరు నెలల తేదీలు ముందే వేసుకోండి. అందరూ ఒకే హోదావారైతే కష్టసుఖాలు పంచుకోవడంతోనే సరిపోతుంది. ఇద్దరు పైస్థాయివారు తప్పనిసరి.

పోటీ కంపెనీలు కనుక ధరలు, టెండర్లు, విడుదల తేదీలు, జీతాల స్థాయిలు మాట్లాడకూడదు. పోటీ చట్టాల కింద చిక్కుకుంటారు. బయటికి రాని ట్రయల్ ఫలితాలు, ఇన్‌స్పెక్షన్ లోపాలూ అంతే. లిస్టెడ్ కంపెనీ అయితే ఇన్‌సైడర్ ట్రేడింగ్ (లోపలి సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడం) సమస్యా తోడవుతుంది. క్వాలిటీవారు నోరు జారేది సరిగ్గా ఇక్కడే: 'మా ప్లాంటులో ఇలా జరిగింది' అంటూ మొదలుపెడతారు. ప్లాంటు, ఉత్పత్తి పేర్లు తీసేసినా వినేవారు పోల్చుకోగలరు. సమస్యను 'ఆడిట్‌లో నాకూ ప్రొడక్షన్ హెడ్‌కూ కుదరడం లేదు, ఎలా మాట్లాడాలి' అన్నంత వరకే చెప్పండి. మాట గీత దాటితే అక్కడే ఆపించండి. ఆగకపోతే లేచి వచ్చేసి, మీ న్యాయ విభాగానికి ఆ రోజే చెప్పండి.