తల్లిపాల ప్రాజెక్టా? ముందు బుడగలు చూడండి

“తల్లిపాల నుంచి ప్రోబయోటిక్ (ఒంటికి మేలు చేసే) లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియాను వేరుచేసే ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఆరు నెలల్లో అవుతుందా?” అని అడిగారు.

వేరుచేయడం వరకైతే అవుతుంది. ఆలస్యమయ్యేది బ్యాక్టీరియా పెరగక కాదు, పాలు దొరక్క.

నేను బెంగళూరులో చదివేటప్పుడు మా పిన్ని కూతురు మారతహళ్ళిలో ఉండేది. పాపకి రెండో నెల. పాలు అడిగితే వాళ్ళ అత్తగారు “బయటికిస్తే దిష్టి తగలదూ?” అన్నారు. “పెరుగులో తోడు ఉంటుంది కదండీ, అలాంటిదే ఇందులో వెతుకుతున్నాం” అన్నాక మెత్తబడ్డారు. మళ్ళీ మనసు మార్చుకుంటారేమోనని, చేయాల్సిన జాగ్రత్తలు వదిలేసి, చర్మం శుభ్రం చేయించకుండా, మొదటి చుక్కలు పారబోయించకుండా, పంపుతో తీసినవే ఐస్ బాక్సులో పెట్టుకుని బస్సెక్కాను. సిల్క్ బోర్డు దగ్గరే గంట పోయింది. ఆ జంక్షన్ గురించి మొదలెడితే ఈ జవాబు పూర్తవదు.

లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియాను పెంచడానికి వాడే ఎంఆర్ఎస్ అగార్ మీద పాలు పూసి, 37 డిగ్రీల్లో 48 గంటలు ఉంచాను. ప్లేటు నిండా తెల్లటి కాలనీలు (బ్యాక్టీరియా గుంపులు)! ఎగిరి గంతేశాను. ల్యాబ్‌లో సీనియర్ ఏమీ మాట్లాడకుండా ఒక కాలనీని స్లైడు మీద పెట్టి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేసింది. సోడా పొంగినట్టు బుడగలు. పరీక్షించిన పద్నాలుగు కాలనీల్లో పన్నెండు పొంగాయి. లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియాలో పెరాక్సైడ్‌ను విడగొట్టి బుడగలు తెప్పించే కాటలేజ్ అనే ఎంజైమ్ మామూలుగా ఉండదు, బుడగలు రాకూడదు. నావి స్టాఫిలోకాకస్‌లు అనే వేరే రకం బ్యాక్టీరియా. అవి చర్మం మీదే కాదు, పాలల్లోనూ సహజంగా ఉంటాయి, ఎంఆర్ఎస్ మీద కూడా పెరుగుతాయి. మిగిలిన రెండిట్లో ఒకటి ఎంటెరోకాకస్ అనే గుండ్రటి బ్యాక్టీరియా. చివరిదే కడ్డీలా కనిపించింది, జన్యువు చదివి జాతిని గుర్తించే 16ఎస్ సీక్వెన్సింగ్‌లో లాక్టోబాసిల్లస్ ఫెర్మెంటమ్ అని తేలింది. బుడగల పరీక్ష చేయకుండా పద్నాలుగూ సీక్వెన్సింగ్‌కు పంపుంటే డబ్బులు గోవిందా.

దాని పేరుతో మరో తలనొప్పి. 2020లో లాక్టోబాసిల్లస్‌ను 25 ప్రజాతులుగా (జీనస్‌లుగా) విడగొట్టారు, ఇది లిమోసిలాక్టోబాసిల్లస్ అయింది. పాత పేపర్లు చూసి రాసిన రిపోర్టంతా మళ్ళీ దిద్దాను. పైగా మా గైడ్‌కు శీర్షికలో ‘ప్రోబయోటిక్’ ఉండాల్సిందే! కడుపులోని ఆమ్లంలా పీహెచ్ 3లో, పేగుల్లోలా 0.3 శాతం పైత్యరస లవణాల్లో బతికినంత మాత్రాన ప్రోబయోటిక్ అయిపోతుందా? మనిషికి మేలు చేస్తుందని తేలాలి కదా. ఆరు నెలల్లో అది ఎవరూ తేల్చలేరు.

మీరు ముందు, మనుషుల నుంచి నమూనాలు తీసుకోవడానికి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి అర్జీ పెట్టండి. నా ఫైలు కదలడానికే రెండు నెలలు పట్టింది. ఈలోపు చుట్టాల్లో ఎవరికి సీమంతం జరిగిందో వాకబు చేసుకోండి.