మరమ్మతు మాటలు: ‘మొన్ననే చెప్పాను సార్’

1984లో ఐటీఐ ఫిట్టర్‌గా కృష్ణ ఒడ్డున ఒక సిమెంటు ఫ్యాక్టరీలో చేరాను. 34 ఏళ్ల తర్వాత అక్కడే మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు బియ్యం మిల్లుల వాళ్లు పిలిస్తే వెళ్లి చూసి వస్తుంటాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి జవాబులు ఇవి.

ప్రశ్న: మాది బాయిల్డ్ రైస్ మిల్లు. గంటకు 4 టన్నుల వడ్లు ఆడుతుంది. సీజన్‌లో వారానికి ఒకసారైనా ఏదో ఒకటి పాడై మిల్లు ఆగుతోంది. సీఎంఆర్ (ప్రభుత్వం ఇచ్చిన వడ్లు ఆడి బియ్యంగా తిరిగి ఇవ్వడం) గడువు దగ్గరపడే కొద్దీ ఇంట్లో అందరికీ టెన్షన్. మెయింటెనెన్స్‌కి సాఫ్ట్‌వేర్ కొందామని నేనంటే, ‘నడిచే మిషన్‌ని కెలకొద్దు’ అని మా నాన్నగారు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? — ఒక పాఠకుడు, మిర్యాలగూడ

సాఫ్ట్‌వేర్ తర్వాత చూద్దాం. ముందు 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. ఒక్కో మిషన్‌కి నాలుగు పేజీలు కేటాయించండి. మొదటి పేజీలో మోటారు ప్లేటు మీద ఉన్న వివరాలు, బేరింగ్ నంబర్లు, బెల్టు సైజులు, ఏ గ్రీజు వాడుతున్నారో రాయండి. మిగతా పేజీల్లో ఏ రోజు ఏం పాడైంది, ఎవరు ముందు గమనించారు, ఏం చేశారు, ఎన్ని గంటలు ఆగింది అన్నవి రాస్తూ పోండి.

బేరింగ్ నంబరు గురించి ఒక అనుభవం చెప్తాను. నాకు తెలిసిన మిల్లులో రాత్రి రెండు గంటలకు బాయిలర్ పొగను బయటికి లాగే ఐడీ ఫ్యాను బేరింగ్ పోయింది. పగిలిన ముక్క మీద 22212 అన్న అంకెలు కనిపించాయి. అవే కాగితం మీద రాసిచ్చి తెల్లవారుజామున కుర్రాణ్ని కారులో సికింద్రాబాద్ రాణిగంజ్ పంపారు. మధ్యాహ్నానికి కొత్త బేరింగ్ తెచ్చాడు. తీరా చూస్తే అది షాఫ్ట్ మీద తొడిగిన స్లీవ్‌కి (బేరింగ్‌ను పట్టి ఉంచే గొట్టం) పట్టలేదు. అక్కడ కావలసింది 22212కె. ఆ ‘కె’ ఉంటే లోపలి రంధ్రం కొంచెం కోసుగా, స్లీవ్ మీద బిగిసేలా ఉంటుంది. అది లేకపోతే రంధ్రం తిన్నగా 60 మిల్లీమీటర్లు ఉంటుంది. చివరి రెండంకెల్ని 5తో హెచ్చిస్తే ఆ కొలత వస్తుంది. ఒక్క అక్షరం రాసి పెట్టుకోనందుకు మళ్లీ హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది. మీ మిల్లే అలా 10 గంటలు ఆగిందనుకోండి, 40 టన్నుల వడ్లు ఆడకుండా మిగిలిపోతాయి. గేటు బయట లారీలు, లోపల హమాలీలు ఊరికే కూర్చుంటారు.

మీ నాన్నగారి మాట కొట్టిపారేయకండి. అందులో సగం నిజముంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తీర గస్తీ విమానాలకు 50 గంటలకోసారి తనిఖీ చేసేవారు. వాడింగ్టన్ అనే శాస్త్రవేత్త బృందం లెక్కలు తీస్తే, తనిఖీ అయిన వెంటనే చెడిపోవడం ఎక్కువగా ఉండి, గంటలు గడిచే కొద్దీ తగ్గుతోందని తేలింది. విప్పడం, బిగించడంలోనే కొత్త తప్పులు దూరుతున్నాయన్నమాట. నేనూ కళ్లారా చూశాను. బాగా నడుస్తున్న గేర్ బాక్సును ‘ఏడాదైంది కదా’ అని విప్పి, సీలు దెబ్బతినేలా బిగించి, నెల తిరగకుండా మళ్లీ విప్పాం.

కాబట్టి విప్పకుండా చూడటం అలవాటు చేసుకోండి. రోజూ ఒకే సమయానికి, మిల్లు లోడు మీద ఉన్నప్పుడు, ఒకే మనిషి చుట్టూ తిరిగి రావాలి. చేతిలో ఒక టెంపరేచర్ గన్ ఉంటే చాలు. ప్రతి బేరింగ్ హౌసింగ్ మీద పెయింటుతో ఒక చుక్క పెట్టి, రోజూ ఆ చుక్క దగ్గరే కొలవండి. ‘ఎంత డిగ్రీలుంటే ప్రమాదం’ అని అందరూ అడుగుతారు. నేను చూసేది వేరు. రోజూ 48 చూపించే బేరింగ్ ఇవాళ 56 చూపిస్తే, బయట ఎండలో మార్పు లేకపోతే, దానికి ఏదో అయింది. పక్క బేరింగ్ ఎప్పుడూ 60 దగ్గరే ఉండొచ్చు, దాని తీరు అది.

వేడెక్కింది కదా అని వెంటనే గ్రీజు కొట్టకండి. కొత్తలో నేను చేసిన తప్పు అదే. ఫ్యాను బేరింగ్ కాస్త వేడిగా ఉందని గ్రీజు గన్‌తో సీలు పక్కనుంచి బయటికి కారేదాకా కొట్టాను. గంటలో ఇంకా వేడెక్కింది. మా మేస్త్రీ వచ్చి హౌసింగ్ కింద ఉన్న డ్రెయిన్ ప్లగ్గు తీయించి, అలాగే నడవనిమ్మన్నాడు. ఎక్కువైన గ్రీజు తేనెలా జారి కింద పడింది, సాయంత్రానికి బేరింగ్ చల్లబడింది. హౌసింగ్ ఖాళీలో మూడో వంతు నుంచి సగం దాకా గ్రీజు ఉంటే చాలు. నిండిపోతే లోపల చిలికినట్టై అదే వేడి పుట్టిస్తుంది. దుకాణంలో దొరికిందని వేరే రకం గ్రీజు దాని మీదే కొట్టకండి. కొన్ని రకాలు కలిస్తే నీళ్లలా పలచబడి కారిపోతాయి.

ఇక విప్పి చూసే పని. వానాకాలం వడ్లు అయిపోయి యాసంగి వడ్లు వచ్చేలోపు పుస్తకం ముందు పెట్టుకుని నాన్నగారితో కూర్చోండి. సీజన్‌లో ఏది ఎక్కువసార్లు ఆపిందో పుస్తకమే చూపిస్తుంది. వాటిని విప్పండి, మిగతా వాటి జోలికి పోవద్దు. రెండు సీజన్లు అలా రాశాక కూడా సాఫ్ట్‌వేర్ కావాలనిపిస్తే కొనుక్కోండి. అప్పటికి అందులో ఎక్కించడానికి మీ దగ్గర నిజమైన వివరాలుంటాయి.

ప్రశ్న: చిలకలూరిపేట దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ ట్రైనీగా చేరి ఆరు నెలలైంది. రింగ్ ఫ్రేములో (నూలు వడికే మిషన్) స్పిండిల్ శబ్దం మారినా, ఏదైనా వేడెక్కి వాసన వచ్చినా ఆపరేటర్లు మాకు చెప్పరు. పూర్తిగా ఆగిపోయాకే కబురొస్తుంది. అడిగితే ‘మాకేం తెలుసు మేడం’ అంటారు. వాళ్ల చేత ఎలా చెప్పించాలి? — ఒక పాఠకురాలు

అమ్మా, వాళ్లకు తెలుసు. ఎనిమిది గంటలు ఆ ఫ్రేము పక్కనే నడిచే ఆపరేటరమ్మకు దాని శబ్దం తెలియకుండా ఉండదు. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు, అందుకే చెప్పరు. ఫ్రేము ఆపితే ఆమె ప్రొడక్షన్ పడిపోతుంది. ‘నువ్వే ఏదో చేసుంటావు’ అన్న మాట కూడా పడుతుంది.

మా ఫ్యాక్టరీలో ప్యాకింగ్ దగ్గర ఒక కార్మికుడు, సరుకును పైకి ఎత్తే బకెట్ ఎలివేటర్‌లో ‘టక్ టక్’మని వస్తోందని షిఫ్టులో ఉన్నవాళ్లకు చెప్పాడు. వాళ్లు విని ఊరుకున్నారు. ఎవరూ రాసుకోలేదు. మూడో రోజు ఒక బకెట్ బోల్టులు ఊడి కిందపడి, వెనక వచ్చేవాటిని మెలిపెట్టేసింది. రెండు రోజులు బాగుచేశాం. నేను అందరి ముందూ ‘ఎవరికీ వినబడలేదా?’ అని గట్టిగా అరిచాను. అతను చాలా మెల్లగా, ‘మొన్ననే చెప్పాను సార్’ అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నా నోట్‌బుక్‌లో ‘ఎవరు ముందు గమనించారు’ అన్న గడి ఆ వారమే మొదలైంది.

మీరు మూడు పనులు చేసి చూడండి. ప్రతి ఫ్రేముకి ఎర్ర చీటీలు వేలాడదీయండి. తేడా కనిపించిన చోట ఆమె చీటీ కట్టేస్తే చాలు, రాయడం రాకపోయినా ఫరవాలేదు. చీటీ కట్టిన షిఫ్టులోనే మీరు వెళ్లి చూడాలి, ఇది తప్పకూడదు. ఏమీ దొరకకపోయినా ‘చూశానమ్మా, ఇప్పటికి బాగానే ఉంది, మళ్లీ వస్తే చెప్పు’ అని ఆమెకే చెప్పండి. మూడోది మీ చేతిలో లేదు, మీ పైవాళ్లతో మాట్లాడాలి: చీటీ కట్టాక ఆగిన సమయం ఆమె లెక్కలో పడకూడదు. ఇదొక్కటీ ఒప్పించలేకపోతే మిగతా రెండూ నెల రోజులకు మించి నిలబడవు.

ఆపరేటర్‌నే మిషన్ బాగోగుల్లో భాగం చేసే పద్ధతిని జపాన్‌లో టీపీఎం (టోటల్ ప్రొడక్టివ్ మెయింటెనెన్స్) అన్నారు. నిప్పన్‌డెన్సో అనే కార్ల విడిభాగాల కంపెనీకి దీనికోసమే 1971లో అక్కడి బహుమతి వచ్చింది. అందులో మొదటి మెట్టు తుడవడం. మీ మిల్లులో అది మరీ అవసరం. దూది నూగు పేరుకుంటే కింద పగులుందో, నట్టు వదులైందో కనబడదు. తుడిచే చేతికి ముందు తెలుస్తుంది.

ప్రశ్న: నాలుగు వి-బెల్టుల్లో ఒకటి తెగితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చా? — ఒక పాఠకుడు, కాకినాడ

వద్దు. పాతవి సాగి ఉంటాయి, లోడంతా కొత్తదాని మీద పడి అదే ముందు తెగుతుంది. నాలుగూ ఒకే సెట్టుగా మార్చండి. మార్చేముందు పుల్లీ గాడిలో వేలు పెట్టి చూడండి. అడుగు అద్దంలా మెరుస్తుంటే గాడి అరిగి బెల్టు అడుక్కి ఆనుతోందని అర్థం, ఇక ఎన్ని బెల్టులు మార్చినా జారుతూనే ఉంటాయి. తర్వాత రెండు పుల్లీల ముఖాల మీదుగా ఒక దారం బిగించి లాగండి. నాలుగు అంచులకూ తాకాలి. స్పేర్ బెల్టుల్ని మేకుకు వేలాడదీయకండి, అక్కడ మడత పడుతుంది.

ప్రశ్న: బాయిలర్ దగ్గర ప్రతి గంటా ప్రెషరు, నీటి మట్టం పుస్తకంలో రాస్తున్నాం. ఏడేళ్లలో దాన్ని తెరిచి చూసినవాళ్లు లేరు. ఎందుకు రాయాలి? — ఒక బాయిలర్ అటెండెంట్, నిజామాబాద్

మీ బాధ న్యాయమైనది. చూడని పుస్తకం రాయించడం మనిషిని అవమానించడమే. మీ యజమాని వారానికోసారైనా చూసి సంతకం పెట్టాలి. ఈ జవాబు ఆయనకు చూపించండి.

ఇంకో సంగతి మీకు చెప్పాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ అనే రసాయన ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌లో నిల్వ ఉండిపోయిన ట్యాంకు అది. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉందని, మధ్యలోనూ పైనా లేదని విచారణలో బయటపడింది. అడుగు చల్లగా ఉన్నా పైన వేడి పెరుగుతూ పోవచ్చు, పుస్తకంలో మాత్రం అంకె మామూలుగానే ఉంటుంది. అది చదివినప్పటి నుంచి ఏ రీడింగ్ చూసినా, ఈ మీటరు నిజం చెబుతోందా అని ముందు అడుగుతున్నాను.

నీటి మట్టం చూపే మీ గేజి గ్లాసును కూడా అలాగే అడగండి. షిఫ్టు మొదట్లో గ్లాసుకున్న కాక్‌లు (కుళాయిలు) ఒక్కొక్కటిగా తిప్పి బ్లో చేసి వదిలితే నీరు చప్పున పైకి రావాలి. మెల్లగా పాకితే దారి మూసుకుపోతోందన్నమాట, అప్పుడు గ్లాసులో కనిపించే మట్టాన్ని నమ్మకూడదు. నీరు అసలే కనబడకపోతే కంగారులో పంపు ఆన్ చేయకండి. కాలిపోతున్న ఇనుము మీద నీళ్లు పడితే బాయిలర్ బద్దలు కావచ్చు. ముందు పొయ్యిలోకి ఊక వేయడం ఆపి, ఫ్యాన్లు ఆపి, మంట తీసేయాలి. మీ పుస్తకంలో ‘గ్లాసు బ్లో చేశాను, నీరు వెంటనే వచ్చింది’ అని రోజుకు మూడుసార్లు రాయండి. ఆ ఒక్క వాక్యం మిగతా అంకెలన్నిటికీ విలువ తెస్తుంది.

ప్రశ్న: మా ఆయన జీడిమెట్లలో ఒక కంపెనీలో ఫిట్టర్. మిషన్ తిరుగుతుండగానే పని చేస్తారు. మొన్న చొక్కా చెయ్యి చిరిగి వచ్చింది. అడిగితే ‘ఇరవై ఏళ్ల అనుభవం నాది, ఏమీ కాదు’ అంటారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. — పేరు వద్దన్న ఒక సోదరి

అమ్మా, ఈ ఉత్తరం చదివాక మిగతావన్నీ పక్కన పెట్టి మీకే ముందు జవాబు రాశాను. మీ భయం సరైనదే. ఆ చొక్కా చెయ్యి దారం పోగులా చుట్టుకునే వేగానికి మనిషి చెయ్యి వెనక్కి లాక్కోలేడు. అనుభవం అక్కడ పనికిరాదు. నాతో పనిచేసిన ఒకాయన నాకంటే సీనియర్, నాకు బేరింగ్ బిగించడం నేర్పినవాడు. కన్వేయర్ ఆపే ఉంచారు, కానీ ప్యానెల్‌కి తాళం లేదు. ఆయన లోపల ఉన్న సంగతి తెలియక ఎవరో స్టార్ట్ చేశారు. కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. ఆయన మళ్లీ స్పానర్ పట్టుకోలేదు.

తిరిగే భాగాలకు కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. కాబట్టి ఆయన మిషన్ ఆపమని అడగడం కంపెనీని బతిమాలుకోవడం కాదు. ఆయనకు ఈ మాటలు చదివి వినిపించండి: మిషన్ ఆపించు. మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి నీ సొంత తాళం వెయ్యి, తాళంచెవి నీ జేబులో ఉండాలి. తర్వాత స్టార్ట్ బటన్ నొక్కి చూడు, కదలకపోతేనే చెయ్యి పెట్టు. కరెంటు పోయినా మిషన్‌లో బలం మిగిలి ఉంటుందని గుర్తుంచుకో. సరుకుతో నిండిన ఎలివేటర్ బెల్టు విప్పగానే బరువుకి వెనక్కి తిరుగుతుంది, దాన్ని ముందు కట్టెయ్యాలి. ఫ్లైవీల్ పూర్తిగా ఆగేదాకా ఆగు.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. ఒక ఎర్ర తాళం కప్ప కొనండి. దాని మీద ఆయన పేరు, ఫోన్ నంబరు పెయింటుతో రాయించి టిఫిన్ బాక్సుతో పాటు చేతికివ్వండి. తాళంచెవులు రెండొస్తాయి. ఒకటి ఆయన జేబులో వేసి పంపండి. రెండోది కంపెనీకి అసలు పోకూడదు. అది ఇంట్లో మీ దగ్గరే ఉంచుకోండి.