ఫిబ్రవరి సగం గడిచింది, చెన్నైలో వలస పక్షులు ఇంకా ఉంటాయా?

సంక్రాంతికి వెళ్ళడం కుదరలేదు, ఇప్పుడు పళ్ళికరణై చిత్తడి నేలకి వెళ్తే ఏమైనా కనిపిస్తాయా అని అడిగారు కదా. తప్పకుండా వెళ్ళండి. ఆరేళ్ళుగా ఓఎమ్‌ఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పక్కనే ఉంటున్నాను, ఏడాదంతా నేను ఎదురుచూసేది ఈ రోజుల కోసమే.

మన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అవి ఆగేసరికి చిత్తడి నేలంతా నీళ్ళే, పక్షులు దూరంగా చెల్లాచెదురుగా ఉంటాయి. ఫిబ్రవరికి నీరు తీసి బురద గట్లు బయటపడతాయి. పురుగులూ నత్తలూ అక్కడే దొరుకుతాయి కాబట్టి ఉల్లంకుల్లాంటి పొడుగు ముక్కు పిట్టలన్నీ ఆ గట్ల మీదే చేరతాయి.

అంతకంటే ముఖ్యం, పక్షుల రంగులు. గార్గనీ అనే చిన్న బాతు చలికాలం మొదట్లో వచ్చినప్పుడు మగదేదో ఆడదేదో నాకు తెలిసేది కాదు, అన్నీ మట్టి రంగే. ఇప్పుడు చూడండి. మొన్న ఆదివారం ఒక మగబాతు తల నీళ్ళలో ముంచి పైకెత్తింది. కంటి మీద నుంచి మెడ వెనక దాకా తెల్లటి వంపు గీత, సున్నంతో గీసినట్టు ఉంది. నీటి చుక్కలు ఆ గీత వెంటే జారాయి. అరకిలో కూడా తూగని ఆ ప్రాణి ఇంకొన్ని వారాల్లో హిమాలయాల అవతలికి ఎగిరిపోతుంది. సూదితోక బాతుల తోకలు కూడా ఇప్పుడే పూర్తి పొడవుంటాయి. గాడ్విట్లనే పొడుగు ముక్కు పిట్టల మెడ ఇటుక రంగుకి తిరుగుతూ ఉంటుంది.

ఒక్క మాట బతిమాలి చెబుతున్నాను. ఎగురుతుండగా ఫోటో కావాలని చప్పట్లు కొట్టేవాళ్ళు, డ్రోన్ లేపేవాళ్ళు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకునే సమయం ఇది, ఊరికే లేపితే తిన్నదంతా ఖర్చయిపోతుంది.

పొద్దున ఆరున్నరకల్లా అక్కడుండండి. తొరైపాక్కం నుంచి పల్లావరం పోయే రేడియల్ రోడ్డు చిత్తడి నేల మధ్యలోంచే వెళ్తుంది. బండి దూరంగా పెట్టి, ఎండ వీపున పడేలా ఒకేచోట గంటసేపు నిలబడండి. మొదటి ఏడాది నేను ఒకే పొద్దున నాలుగు చెరువులు తిరిగి ఏదీ సరిగ్గా చూడలేకపోయాను. టైముంటే దగ్గర్లోని పెరుంబాక్కం చెరువొక్కటీ చాలు.

పిల్లలుంటే మాత్రం లోకల్ ట్రైన్‌లో సూళ్ళూరుపేట దిగి నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వెళ్ళండి, అది మా అత్తగారి వైపు. నీళ్ళలో నిలబడ్డ కడప అనే చెట్ల మీద గూడబాతు పిల్లలు తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి చేపలు తింటుంటాయి. మా పాప అక్కణ్ణుంచి కదలనంది.

మార్చి సగం దాటితే బాతులు పలచబడతాయి. వీలైతే ఈ ఆదివారమే బయలుదేరండి.