ఒలింపియాడా, రోబోటిక్సా? పాప ఏమంటోంది?

ప్రశ్న: మా పాప ఖమ్మంలో ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి. వారానికి నాలుగు సాయంత్రాలు మ్యాథ్స్ ఒలింపియాడ్ ఆన్‌లైన్ క్లాసు, శని, ఆదివారాలు రోబోటిక్స్ క్లబ్. పడుకునేసరికి పదకొండు దాటుతోంది. మా ఆఫీసులో ఒకాయన కొడుక్కి ఇప్పటికే మూడు గోల్డ్ మెడల్స్ వచ్చాయి. రోబోటిక్స్ రెండో విడత ఫీజు నెలాఖరుకు కట్టాలి. ఐఐటీకి ఈ రెండింట్లో ఏది ఎక్కువ ఉపయోగం? ఒకటి మానిపిస్తే వెనకబడిపోతుందా?

జవాబు: సార్, వెనకబడదు. అదే ముందు చెప్తున్నాను, ఎందుకంటే ఈ ప్రశ్న అడిగే తల్లిదండ్రులందరికీ పోలిక కన్నా ముందు కావాల్సింది ఈ మాటే. జేఈఈలో గానీ ఈఏపీసెట్‌లో గానీ క్లబ్ సర్టిఫికెట్‌కు ఒక్క మార్కు కూడా కలవదు. ఎన్‌సీసీకి, ఆటలకు ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో కోటా అన్నా ఉంది, రోబోటిక్స్‌కు అదీ లేదు. ఎనిమిదో తరగతిలో ఒక క్లబ్ మానేసినందుకు సీటు పోయిన పిల్లల్ని నేనైతే చూడలేదు, నిద్ర చాలక తొమ్మిదికొచ్చేసరికి పుస్తకం అంటేనే విసుగొచ్చిన పిల్లల్ని మాత్రం బోలెడుమందిని చూశాను.

ఇక ఆ మూడు మెడల్స్. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. స్కూళ్ల ద్వారా ఫీజు తీసుకుని ప్రైవేటు సంస్థలు పెట్టే ఒలింపియాడ్లు చాలా ఉన్నాయి, అన్నీ ఆప్షన్లలో టిక్కు పెట్టే ప్రశ్నలు, ఒక్కో స్కూల్లో తరగతికి ముగ్గురికి మెడల్ ఇవ్వడం వాటిలో మామూలే. పిల్లలకు సరదా, రాయనివ్వండి, కానీ అది చూసి మీరు నిద్ర పోగొట్టుకోకండి. దేశం తరఫున అంతర్జాతీయ పోటీకి పంపే ఒలింపియాడ్ దారి వేరు. మొదట ఐఓక్యూఎం అనే వడపోత పరీక్ష, 3 గంటల్లో 30 లెక్కలు, 100 మార్కులు, ఆప్షన్లు ఉండవు. అది దాటితే ఆర్‌ఎంఓ అనే ప్రాంతీయ పరీక్ష, అక్కడ జవాబు చెప్తే సరిపోదు, ఎందుకు అవుతుందో నిరూపించి రాయాలి. తర్వాత జాతీయ స్థాయి పరీక్ష ఐఎన్‌ఎంఓ, శిక్షణ శిబిరం, చివరికి మొత్తం దేశం నుంచి ఆరుగురు. ఐఎన్‌ఎంఓ స్థాయికి వెళ్లినవాళ్లకు చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో, కొన్ని ఐఐటీల్లో కొన్ని కోర్సులకు వేరే ద్వారం ఉంది. కానీ ఆ ద్వారం కోసం పిల్లను పంపకండి, చాలా ఇరుకు. లెక్క రాకపోయినా దాంతో గంటసేపు కూర్చోగలగడం వస్తే చాలు, అది జేఈఈకీ పనికొస్తుంది, జేఈఈ రాయకపోయినా పనికొస్తుంది.

రోబోటిక్స్ గురించి నాకు అనుమానాలు ఎక్కువ, దాచను. చాలా క్లబ్బుల్లో జరిగేది ఇదీ: నల్లగీత మీద నడిచే బండి, గోడ అడ్డొస్తే ఆగే బండి, ఫోనుతో నడిపే బండి. కిట్‌లో ముక్కలు సిద్ధంగా ఉంటాయి, ప్రోగ్రాం ట్రైనర్ ఇచ్చిందే, పిల్లలు స్క్రూలు బిగిస్తారు, ఆఖరి రోజు తల్లిదండ్రులు వీడియో తీసుకుంటారు, వాట్సాప్‌లో పెట్టుకుంటారు. తర్వాత "ఇంటర్నేషనల్" పోటీ అని ఇంకో ఫీజు. అందరూ ఇలాగే అనను, నిజంగా నేర్పేవాళ్లూ ఉన్నారు. తెలుసుకోవడం తేలికే. పాప చేసిన బండిని పూర్తిగా విప్పేసి, ఎవరి సాయం లేకుండా మళ్లీ కట్టమనండి. గోడకు పది సెంటీమీటర్ల దూరంలో ఆగేదాన్ని ముప్పైకి మార్చమనండి. చేయగలిగితే క్లబ్ మంచిదే. "కిట్ ఇంటికి తీసుకెళ్లనివ్వరు డాడీ" అంటే మీకు జవాబు దొరికినట్టే. ప్రోగ్రాం ఎక్కించుకునే చిన్న ఆర్డునో సర్క్యూట్ బోర్డు, రెండు మూడు సెన్సర్లు కలిపి క్లబ్ ఫీజులో చిన్న ముక్కకే వస్తాయి, ఇంట్లో పాడుచేసుకుంటూ నేర్చుకుంటుంది.

ఇప్పుడు కాస్త కోపంగానే ఒక మాట. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అందులో ఆఫీసు ఆయన ఉన్నాడు, ఆయన కొడుకు ఉన్నాడు, ఫీజు ఉంది, ఐఐటీ ఉంది. పాపకు ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. పదమూడేళ్ల పిల్ల రాత్రి పదకొండు దాకా మేలుకుని ఉంటే మీకు తోచిన సందేహం "ఏది ఎక్కువ ఉపయోగం" అనా సార్? ఆమె ఆడుకునేది ఎప్పుడు, ఊరికే కూర్చునేది ఎప్పుడు?

డబ్బు లేకుండా జరిగేవి కూడా అడిగి చూడండి, అవి ఎవరూ ప్రకటన ఇవ్వరు కాబట్టి కనిపించవు. ఇన్‌స్పైర్ మానక్ అనే కేంద్ర ప్రభుత్వ పథకంలో స్కూలే పిల్లల ఆలోచనను పంపాలి, ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు పిల్లల ఖాతాలో వేస్తారు. సైన్స్ టీచర్‌ని మీరే కలిసి గుర్తుచేయండి, చాలా స్కూళ్లు పట్టించుకోవు. సైన్స్ ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్ల చెకుముకి సైన్స్ పోటీలు స్కూలు స్థాయి నుంచి రాష్ట్ర స్థాయి దాకా జరుగుతాయి.

తేల్చి చెప్పమంటే, రెండూ ఒకేసారి వద్దు, వారానికి రెండు సాయంత్రాలు మించి వద్దు. ఏది ఉంచాలో తెలియాలంటే ఒక ఆదివారం ఈ లెక్క ఇవ్వండి: చదరంగం బల్లలో ఒక మూల గడి, దానికి ఐమూలగా ఎదురుగా ఉన్న మూల గడి తీసేశాం, మిగిలిన 62 గడులను రెండేసి గడులు కప్పే ముక్కలతో పూర్తిగా నింపగలమా? కిటుకు గడుల రంగుల్లో ఉంది, ఆ సంగతి మీరు ఎత్తకండి. మధ్యాహ్నం భోజనం దగ్గర కూడా దాని గురించే మాట్లాడితే ఒలింపియాడ్ క్లాసు ఉంచండి. పది నిమిషాల్లో పక్కన పడేసి పాత ఫ్యాన్ విప్పుకుంటూ కూర్చుంటే రోబోటిక్స్, కానీ ఇంట్లో. రెండూ కాకుండా బొమ్మలు గీసుకుంటే దానికీ కంగారు పడకండి.

రెండో విడత కట్టకముందే ఇదంతా అయిపోవాలి. పాప వద్దంటే మొదటి విడత డబ్బు దండగైందని ఆమె ముందు అనకండి, ఆ క్లబ్‌లో చేర్పించింది ఆమె కాదు కదా.